ఊరి లైబ్రరీలో నెలనెలా సాహిత్యం: ఆఖరి బస్సు వెళ్ళేలోపు ముగించడం ఎలా

మొన్న పక్కూరి కుర్రాడొకడు ఫోన్ చేసి "అన్నయ్యా, మా లైబ్రరీలో కూడా మీలాగే నెలకో ప్రోగ్రాం పెడదామనుకుంటున్నాం, ముఖ్య అతిథిగా ఎవర్ని పిలవమంటారు" అన్నాడు. అసలు అక్కడ మొదలెట్టకూడదండి. నేనూ అక్కడే మొదలెట్టా కాబట్టి వాణ్ణి చూసి నవ్వడానికి లేదనుకోండి. మా మొదటి మీటింగుకి ఫ్లెక్సీ కొట్టించాం, యాభై కుర్చీలు అద్దెకి తెచ్చాం, ఆరుగురు వక్తలు, ఆరు శాలువాలు, వేదిక మీద తొమ్మిది మంది ఉంటే కింద పదకొండు మంది, ఆ పదకొండులో మైకతనూ కుర్చీల బండి అతనూ ఉన్నారు. దీపం వెలిగించడానికి ఫ్యాను ఆపడం, వెలిగాక ఫ్యాను వేస్తే అది ఆరిపోవడం, మళ్ళీ అగ్గిపెట్టె కోసం కిళ్ళీ కొట్టుకి మనిషిని పంపడం, ఇలా అరగంట పోయింది. ఏడుంపావుకి ఆఖరి బస్సు హారన్ వినపడేసరికి సగం హాలు లేచిపోయింది, ఆరో పెద్దాయన అప్పుడే "సమయాభావం వల్ల క్లుప్తంగా" అని మొదలెట్టారు.

అందుకని ముందు టైము చూసుకోండి, అతిథి సంగతి తర్వాత. మీ ఊరికి ఆఖరి బస్సు ఎన్నింటికి, రేవు దాటాల్సిన వాళ్ళుంటే ఆఖరి పంటు ఎన్నింటికి, దానికి పావుగంట ముందు మీ ప్రోగ్రాం అయిపోవాలి, అంతే. మేము రెండో శనివారం ఐదింటి నుంచి ఆరున్నర దాకా పెట్టుకున్నాం, వాన పడినా ఇద్దరే వచ్చినా తేదీ మార్చం, మార్చిన ప్రతిసారీ నలుగురు తగ్గుతారు. శుక్రవారం పెట్టకండి, ఆ రోజు లైబ్రరీకి సెలవు. ఇక ఏడాది మొత్తం మీద సార్వా కోతలప్పుడు, దాళ్వా కోతలప్పుడు రైతులు రారు, మార్చిలో టెన్త్ పరీక్షలని పిల్లలూ తల్లులూ రారు, మాఘమాసంలో పెళ్ళి భోజనాలతో పోటీ పడి ఎవరూ గెలవలేదు. కనుమ నాడు మా దగ్గర పెద్ద జాతర, జగ్గన్నతోట ప్రభల తీర్థం ఉండగా ఎవడో కవి సమ్మేళనం పెట్టాడంటే వాడు మా కోనసీమ వాడు కాదని అర్థం. ఆ నెలల్లో ఆపేయమని కాదు, చిన్నది పెట్టుకోండి, పదిమంది అరుగు మీద కూర్చుని ఒక కథ చదువుకుంటే చాలు.

చోటు విషయానికొస్తే గ్రామ గ్రంథాలయాన్ని మించింది లేదు, కల్యాణ మండపాల జోలికి వెళ్ళొద్దు. లైబ్రేరియన్ గారికి ఒక కాగితం రాసి ఇవ్వండి, తేదీ, టైము, ఎంతమంది, తాళం ఎవరు బాధ్యత అని నాలుగు ముక్కలు, నోటి మాట మీద నడపొద్దు, ఆయన ట్రాన్స్‌ఫరైతే కొత్తాయన దగ్గర మళ్ళీ మొదటికొస్తుంది. మనం కట్టే ఇంటిపన్నులో రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సు కిందే పోతాయండి, అది తెలిసుంటే అడగడానికి మొహమాటం తగ్గుద్ది, అలాగని ఆయన మొహం మీద మాత్రం అనకండి. గ్రంథాలయోద్యమ పితామహుడు అయ్యంకి వెంకట రమణయ్య గారు మన కొంకుదురులో 1890లో పుట్టినాయనే, అలాంటి చోట లైబ్రరీ హాల్లో పాత పేపర్ల కట్టలూ విరిగిన బల్లలూ ఉన్నాయంటే సిగ్గు మనదే, ముందు ఓ ఆదివారం నలుగురు కలిసి అవి సర్దండి.

ఏం చెయ్యాలి అంటే, ఒక్క కథ. పైకి చదవడం. అంతే.

నిజంగా అంతేనండి, కానీ దాంట్లోనే పని ఉంది. ఇరవై ఐదు నిమిషాల్లో అయ్యే కథ తీసుకోండి, అంతకంటే పెద్దదైతే సగం చదివి ఆపి, మిగతాది చర్చ అయ్యాక చదవండి. చదివేవాళ్ళు ముందు ఇంట్లో రెండుసార్లు గట్టిగా చదువుకుని రావాలి, తెలుగు మాస్టారే చదవాలని రూలేం లేదు, మా ఊళ్ళో అందరికంటే బాగా చదివేది ఆర్టీసీలో రిటైరైన కండక్టర్ గారు, ఆ గొంతుకి మైకు అక్కర్లేదు. పెద్దవాళ్ళకి లావు అక్షరాల్లో జిరాక్స్ తీసి ఇవ్వండి, పది కాపీలు చాలు. మొదటి కథగా శ్రీపాద సుబ్రహ్మణ్యశాస్త్రి గారిది పెట్టుకుంటే ఇబ్బందుండదు, ఆయనది అనపర్తి దగ్గర పొలమూరు, ఆ వాక్యాలు మనింట్లో మామ్మ మాట్లాడినట్టే ఉంటాయి, చదివేవాడు తడబడడు. ఆయన పుట్టినరోజు ఏప్రిల్ 23, ప్రపంచ పుస్తక దినం కూడా అదే, కాకపోతే ఎండలూ కోతలూ కాబట్టి ఆ ఒక్కటి పొద్దున్నే ఏడింటికి పెట్టుకోండి.

చదవడం అయ్యాక "ఎలా ఉందండీ కథ" అని మాత్రం అడగొద్దు. "బాగుందండి" అంటారు, అక్కడితో సరి. కథలోంచి ఏదో ఒక్క చోటు పట్టుకుని, మీరైతే ఏం చేసేవారు, మీకెప్పుడైనా ఇలా జరిగిందా అనడగాలి. పాలగుమ్మి పద్మరాజు గారి గాలివాన చదివిన రోజు సంగతి చెప్తా. 1952లో న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ పెట్టిన ప్రపంచ కథల పోటీలో దానికి రెండో బహుమతి వచ్చిందని ముందే చెప్పేశా, తప్పు చేశా, అందరూ బిగుసుకుపోయి పరీక్షలో కూర్చున్నట్టు కూర్చున్నారు. కథ అయిపోయాక కాసేపు ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు కిటికీ బయట సైకిలానుకుని నిలబడ్డ దింపు కార్మికుడొకాయన, అంటే కొబ్బరి చెట్లెక్కి కాయలు దింపేవాడు, లోపలికి రమ్మన్నా రాలేదు, "96 తుఫానుకి మాది ఇల్లు పోయిందండి, పడిపోయిన చెట్లకున్న బొండాలే నీళ్ళకి బదులు నాలుగు రోజులు తాగాం, ఇప్పటికీ గాలి గట్టిగా వీస్తే మా ఆవిడ ముందు కత్తి ఎక్కడుందో చూసుకుంటాది" అన్నాడు. అంతే, ఇక ఆ రోజు ఆరున్నరకి ఆపడం నా వల్ల కాలేదు, ఎవరింట్లో పెంకులు ఎటు లేచాయో, ఎవరి ఆవు ఏ గట్టున దొరికిందో, అందరూ మాట్లాడేవాళ్ళే. బస్సు వెళ్ళిపోయింది, ముగ్గుర్ని బండ్ల మీద దింపాం.

ఆ తర్వాత నించి మూడు నెలలకోసారి ప్రోగ్రామే బయటకి తీసుకెళ్తున్నాం. కృష్ణా కాలువల మీద 1935లోనే పడవలో పుస్తకాలేసుకుని ఊరూరా తిప్పారు, మనం ఓ చాప పట్టుకుని కొబ్బరి రాశి దగ్గరికి వెళ్ళలేమా. అక్కడ కథ కంటే మాటలు సేకరించడం బాగా నడిచింది. బొండం, కురిడీ, మట్ట, ఈనె, పీచు, డొక్క, దింపు, వలుపు, ఒక్క చెట్టు మీద ఎన్ని మాటలున్నాయో మా పిల్లలు నోట్‌బుక్కులో రాసుకుంటుంటే వలుపు చేసేవాళ్ళు, అంటే కాయల పీచు వలిచేవాళ్ళు, "అది కాదమ్మా ఇలా అంటారు" అని దిద్దుతుంటే, ఏ వక్తా అవసరం పడలేదు. ఊడ్పుల పాటలు కూడా ఇలాగే, పాడినవాళ్ళని అడిగి ఫోన్లో రికార్డు చేసుకోండి, యూట్యూబ్‌లో పెట్టాలంటే మళ్ళీ విడిగా అడగండి.

ఇంకోటి ఇక్కడే చెప్పేస్తా. కథలు చదివిన వీడియోలు కూడా ఊరికే ఎక్కించేయకండి, రచయిత పోయిన అరవై ఏళ్ళ దాకా హక్కులు వారసులవే. శ్రీపాద వారు 1961లో పోయారు కాబట్టి ఇబ్బంది లేదు, పద్మరాజు గారివి 1983 నుంచి లెక్క, ఇంకా ఉన్నాయి.

ఆడవాళ్ళు రావట్లేదని మాకు ఏడాదిపాటు ఒకటే గోల. తీరా డ్వాక్రా మీటింగులో అడిగితే "ఐదింటికి పాలు తియ్యాలి, పొయ్యి వెలిగించాలి, మీరు పెట్టిన టైము ఎవరికోసం" అన్నారు. వాళ్ళకి విడిగా మూడున్నరకి రామాలయం అరుగు మీద పెట్టాం, ఇప్పుడు లైబ్రరీ దానికంటే అదే నిండుగా ఉంటంది.

పద్యాల సాయంత్రం ఒక్కటి పెట్టండి, ఏడాదికి ఒక్కటే. తిరుపతి వేంకట కవుల జంటలో ఒకరైన చెళ్ళపిళ్ళ వారి పుట్టూరు కడియం, ఆ జంట రాసిన పాండవోద్యోగ విజయాల నాటక పద్యాలు నోటికొచ్చిన పెద్దాయన ప్రతి ఊళ్ళోనూ ఒకరుంటారు, హార్మోనియం వాయించేవాళ్ళూ దొరుకుతారు, జనం కూడా విరగబడి వస్తారు. కష్టమంతా ఆపడంలోనే. ఒక్కొక్కరికి మూడు పద్యాలని ముందే చెప్పి, నాలుగోది ఎత్తుకోగానే టీ తెచ్చేయాలి, ఆయ్, నేను నిజంగానే చెప్తున్నా.

పిల్లలకి గ్రంథాలయ వారోత్సవాలు, నవంబర్ 14 నుంచి 20, అప్పుడు ఎలాగూ వ్యాసరచన పోటీలుంటాయి, మీరు మళ్ళీ పోటీ పెట్టకండి, ఇద్దరు గెలిచి ఇరవై మంది ముఖాలు వేలాడేసుకుని పోతారు. కథ సగం చెప్పి ఆపండి, మిగతాది వాళ్ళనే చెప్పమనండి.

ఖర్చు పెద్దగా ఉండదు, టీ, జిరాక్స్, ఎప్పుడైనా రచయితని పిలిస్తే రానుపోను ఛార్జీలు. ఛార్జీలు కవర్లో పెట్టి రాగానే ఇచ్చేయండి, పాపం వాళ్ళు అడగలేరు. శాలువా బదులు పుస్తకం. నలభై నిమిషాలే అని ఫోన్లోనే చెప్పండి, స్టేజి మీద చీటీ పంపితే చదువుకోకుండా జేబులో పెట్టుకుంటారు.

వెళ్ళేటప్పుడు బయట బోర్డు మీద వచ్చే నెల కథ పేరు, తేదీ సుద్దముక్కతో రాసేసి, ఫ్యాన్లు ఆపి, తాళం లైబ్రేరియన్ గారింట్లో ఇచ్చి రండి. మా మొదటి మీటింగు శాలువా ఒకటి ఇంకా బీరువాలోనే ఉంది, ఇప్పుడు దాంతోనే ఆ బోర్డు తుడుస్తున్నాం.