ఇంట్లో కాక్‌పిట్ కడదాం – 4వ పాఠం: థ్రాటిల్

పోయిన పాఠంలో ప్లైవుడ్ ప్యానెల్ కోసి రంధ్రాలు పెట్టుకున్నాం. ఈసారి అందులోకి మొదటి కదిలే వస్తువు వస్తుంది. మనం కడుతున్నది సెస్నా 172పీ అనే చిన్న విమానం కాక్‌పిట్ కాబట్టి థ్రాటిల్ అంటే పెద్ద విమానాల్లోలాంటి లివర్ కాదు, ప్యానెల్‌లోంచి బయటికి పొడుచుకొచ్చిన నల్ల నాబ్. లోపలికి నొక్కితే పవర్, బయటికి లాగితే ఐడిల్, అంటే ఇంజిన్ కనీస వేగంలో తిరగడం. పక్కనుండే ఎర్ర నాబ్ మిక్స్చర్, దాని సంగతి వచ్చే పాఠంలో.

నాబ్ ఎంత కదిలిందో కంప్యూటర్‌కి చెప్పేది పొటెన్షియోమీటర్. షాపులో ‘పాట్’ అంటే చాలు. గుండ్రంగా తిప్పేది వద్దు, 60 మిల్లీమీటర్లు జరిగే స్లైడ్ పాట్ తీసుకోండి. దాని మీద బీ10కే అని ఉండాలి. ఇక్కడ దొరికేవాటిలో బీ అంటే సాధారణంగా లీనియర్ (జరిపినంత మేర సమానంగా మారేది), ఏ అంటే సౌండ్ పెంచి తగ్గించే ఆడియో రకం. నేను కోఠి గుజరాతీ గల్లీలో హడావిడిగా ‘ఏదో ఒక 10కే ఇవ్వండి’ అని తెచ్చుకున్నది ఆ ఏ రకమే. నాబ్ సగం నొక్కినా ఇంజిన్‌లో ఉలుకూ పలుకూ లేదు, ఆ తర్వాత కాస్త కదపగానే ఒక్కసారిగా గాండ్రించింది. రెండు రోజులు కోడ్‌లో తప్పు వెతికాను!

నాబ్ వెనక రాడ్‌ని చిన్న ఎల్ పట్టీతో పాట్ మీటకి బిగించండి. రాడ్ ఆగాల్సింది పాట్ చివర కాదు, మీరు పెట్టిన చెక్క స్టాపర్ దగ్గర. టేకాఫ్ ఊపులో చెయ్యి గట్టిగానే పడుతుంది, ప్లాస్టిక్ మీట పుటుక్కుమంటుంది. అటూ ఇటూ రెండేసి మిల్లీమీటర్లు వదిలితే సరిపోతుంది. రాడ్ దూరే రంధ్రంలో కాస్త దళసరి గుడ్డ చుట్టి పెడితే నాబ్ వదిలిన చోటే నిలబడుతుంది.

పాట్‌ని చదివి కంప్యూటర్‌కి పంపే చిన్న సర్క్యూట్ బోర్డు ఆర్డుయినో లియొనార్డో. దాని చిప్ యూఎస్‌బీలో నేరుగా జాయ్‌స్టిక్‌లా కనిపించగలదు, ఆర్డుయినోలోనే మరో బోర్డు ఊనో ఆర్3కి నేరుగా ఆ సౌకర్యం లేదు. పాట్ రెండు చివరి కాళ్లలో ఒకటి 5 వోల్టులకి, రెండోది గ్రౌండ్‌కి, మీటతో కదిలే కాలు బోర్డు మీద ఏ0 అని రాసున్న పిన్‌కి. ఏ కాలు ఏదో మల్టీమీటర్‌తో చూసుకోకుండా కరెంటు ఇవ్వొద్దు. పొరపాటున 5 వోల్టులు కదిలే కాలికి ఇస్తే, మీట గ్రౌండ్ చివరికి వెళ్లగానే షార్ట్ అవుతుంది. చివరి రెండూ తారుమారైతే మాత్రం నష్టం లేదు, నాబ్ ఉల్టా పనిచేస్తుందంతే.

బోర్డు ఆ వోల్టేజీని 0 నుంచి 1023 దాకా అంకెగా చదువుతుంది. స్టాపర్లు పెట్టాం కాబట్టి మీకు ఆ చివరలు రావు. నాకు 31, 988 వచ్చాయి. మీకొచ్చినవి రాసుకుని, కోడ్‌లో వాటినే ఐడిల్‌గా, ఫుల్ పవర్‌గా పెట్టండి. చెయ్యి తీసేసినా అంకె వణుకుతుంటే ఎనిమిదిసార్లు చదివి సగటు తీసుకోండి.

ఇక ఇంటిపని. ఉచితంగా దొరికే ఫ్లైట్‌గేర్ అనే సిమ్యులేటర్‌లో 172పీ తెరిచి, బ్రేకులు వేసి, 1700 ఆర్‌పీఎమ్ దగ్గర పెట్టి చెయ్యి తీసేయండి. ఆర్‌పీఎమ్ మీటర్ ముల్లు మెల్లగా ఒకవైపే జారుతుంటే గుడ్డ బిగించాలి, అక్కడక్కడే వణుకుతుంటే సగటు పెంచాలి.