ఎల్ఫ్ భాషల్లో ధ్వని మార్పులను కాగితం మీద పట్టుకోవడం ఎలా?

టోల్కీన్ కథల్లోని గోండోర్ రాజ్యాన్ని ఒకప్పుడు అన్నదమ్ములిద్దరు కలిసి ఏలారు: ఇసిల్దూర్, అనారియోన్. ఇసిల్దూర్ కోట మినాస్ ఇథిల్, అనారియోన్ కోట మినాస్ అనొర్. 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్' నవల చదివిన చాలామంది ఈ నాలుగు పేర్లనూ దాటి వెళ్ళిపోతారు. మొదటిసారి నేనూ దాటిపోయాను. రెండోసారి చదివేటప్పుడు తట్టింది: మనిషి పేరులో ఉన్న మాటే కోట పేరులోనూ ఉంది. ఇసిల్, ఇథిల్ రెండూ చంద్రుడే. అనర్, అనొర్ రెండూ సూర్యుడే. మనుషుల పేర్లు క్వెన్యా భాషవి, కోటల పేర్లు సిందారిన్ భాషవి. రెండూ ఆ కథల్లో ఎల్ఫ్ అనే జాతి మాట్లాడే భాషలు.

వీటిని సృష్టించిన టోల్కీన్ (1892–1973) ఆక్స్‌ఫర్డ్‌లో పాత ఇంగ్లీషు ప్రొఫెసర్. ఆయన రెండు భాషలకూ విడివిడిగా మాటలు పుట్టించలేదు. ముందు తల్లి భాషలో ఒక మాట పెట్టుకుని, దాన్ని రెండు రకాల ధ్వని మార్పుల గుండా నడిపించారు. అందుకే మనం వెనక్కి నడిచి తల్లి మాటను చేరుకోవచ్చు. ఒక నోట్‌బుక్, కొంచెం ఓపిక ఉంటే చాలు.

రాసే పద్ధతి గురించి ఒక మాట. ఇక్కడ 'థ' అంటే ఇంగ్లీషు 'థింక్'లో వినిపించే ధ్వని, 'ధ' అంటే 'దిస్'లో మొదటి ధ్వని. మన ఒత్తు అక్షరాలుగా పలకకండి.

1. జంటలు పోగేయండి

అర్థం ఒకటే అయిన మాటలను క్వెన్యా ఒక పక్క, సిందారిన్ ఒక పక్క రాయండి. తండ్రి: అతర్, అదర్. చెట్టు: అల్ద, గలధ్. మాట: క్వెత్త, పెథ్. నేల: నోరె, దోర్. రాత్రి: లోమె, దూ. నిప్పు: నార్, నౌర్. వెండి: తెల్పె, కెలెబ్. పది పదిహేను జంటలు చాలు. 1987లో వచ్చిన 'ది లాస్ట్ రోడ్' సంపుటంలో 'ఎటిమాలజీస్' అనే ధాతువుల పట్టిక ఉంది. ఇంకా కావాలంటే అందులో వెతకండి.

పోలిక చూసి మోసపోవద్దు, పోలిక లేదని వదిలేయవద్దు. లోమె, దూ అక్కచెల్లెళ్ళంటే మొదట నమ్మబుద్ధి కాదు. మన పాలు, పులి, పల్లె కన్నడంలో హాలు, హులి, హళ్ళి అయ్యాయి. అక్కడ మనల్ని నమ్మించేది పోలిక కాదు, 'ప' ఉన్నచోట మళ్ళీ మళ్ళీ 'హ' రావడం. ఇక్కడ వెతకాల్సింది కూడా అదే. క్వెన్యాలో 'అతని' అనే మాట ఉంది, మనుషులు అని అర్థం. మన 'అతని'కీ దానికీ ఏ సంబంధమూ లేదు.

2. ఏ ధ్వనికి ఎదురుగా ఏ ధ్వని వస్తోందో గుర్తుపెట్టండి

అతర్, అదర్: త ఎదురుగా ద. తెల్పె, కెలెబ్: ప ఎదురుగా బ. బడిలో పరుషాలు, సరళాలు చదువుకున్నాం కదా, ఇది అదే. సిందారిన్‌లో అచ్చు తర్వాత ఒంటరిగా వచ్చిన క, త, ప లు గ, ద, బ లయ్యాయి. మొదటి నుంచీ ద అయినది ఇంకా మెత్తబడి ధ అయింది.

3. తల్లి మాటను కట్టండి

నాకు అన్నిటికంటే ఇష్టమైన మెట్టు ఇది. అల్ద, గలధ్ తీసుకోండి. గలధ్‌లోని 'గ' ఊరికే పుట్టుకురాదు, కాబట్టి తల్లిలో గ ఉంది, క్వెన్యా దాన్ని పోగొట్టుకుంది. మధ్యలో ఉన్న 'అ' కూడా అంతే. కానీ చివరి అచ్చును క్వెన్యా దాచుకుంది, సిందారిన్ రాల్చేసింది. ద విషయంలో క్వెన్యాదే పాత రూపం. అన్నీ కలిపితే *గలదా. టోల్కీన్ రాసుకున్న మూలరూపం కూడా ఇదే. ముందున్న నక్షత్రం గుర్తుకు (*) 'మనం ఊహించి కట్టిన రూపం' అని అర్థం.

నోరె, దోర్ కూడా ఇలాగే. ఒకరి దగ్గర న, ఇంకొకరి దగ్గర ద మిగిలాయంటే తల్లి మాట 'న్ద'తో మొదలైందన్నమాట. చెరొకరూ సగం పంచుకున్నారు.

4. మార్పులను వరుసలో పెట్టండి

ఏ మార్పు ముందు, ఏది తర్వాత అన్నది తప్పితే లెక్కంతా తప్పుతుంది. క్వెన్యాలో మనిషి అతన్, బహువచనం అతని. సిందారిన్‌లో అదన్, ఎదైన్. ఈ ఎదైన్ ఎలా వచ్చింది? మనిషికి 'లు' చేరిస్తే మనుషులు అవుతుంది. వెనకొచ్చిన ఉకారం ముందున్న ఇకారాలను తనవైపు లాక్కుంది. అక్కడ చివరి ఇకారం ముందున్న అకారాలను లాగింది. తర్వాత తానే రాలిపోయింది. మన 'మనుషులు'లో లు రాలిపోయి 'మనుషు' మిగిలి, అదే బహువచనంగా చెలామణి అయితే ఎలా ఉంటుందో ఎదైన్ అలా ఉంది. ఇకారం ముందే రాలిపోయి ఉంటే లాగడానికి ఎవరూ ఉండేవారు కాదు, ఏకవచనం, బహువచనం ఒకేలా మిగిలేవి. కాబట్టి లాగడం ముందు, రాలడం తర్వాత.

ఇంకో ఉదాహరణ 'లార్డ్ ఆఫ్ ది రింగ్స్'లోని మోరియా గనుల ద్వారం మీదే ఉంది: 'పెదో'. అంటే 'చెప్పు'. మాటకు సిందారిన్ పదం పెథ్. రెండిటి ధాతువూ ఒకటే, క్వెత్. మొదటి క్వ రెండుచోట్లా ప అయింది. ఒంటరి త మెత్తబడి ద అయింది, పెద్. ద్విత్వమైన త్త మాత్రం థ అయింది, పెథ్. త్త ముందే ఒంటి త అయిపోయి ఉంటే ఈ రెండు మాటలకూ తేడా మిగిలేది కాదు. అదే ద్వారం ముందు మాంత్రికుడు గాండాల్ఫ్ 'లస్తో బెథ్' (మాట విను) అంటాడు. ఆ బెథ్ కూడా పెథే. వాడు గొట్టె అన్నట్టు ముందు మాట పక్కన చేరి మెత్తబడింది.

5. కొత్త మాట మీద పరీక్షించండి

ఉంగరాలు చేసిన కెలెబ్రింబోర్ పేరుకు వెండి పిడికిలి అని అర్థం. క్వెన్యాలో తెల్పెరింక్వర్. పిడికిలి క్వార్; సిందారిన్‌లో క్వ పోయి ప, దీర్ఘ ఆ పోయి ఔ, కాబట్టి పౌర్. నార్, నౌర్ లెక్కే. సమాసం చివర ఔ కాస్తా ఓ అయింది, మ్ పక్కన ప కాస్తా బ అయింది: బోర్. ఇప్పుడు మినాస్ అనొర్ కూడా విడిపోతుంది. అసలు దీర్ఘం అనారియోన్ పేరులో ఇంకా వినిపిస్తోంది చూడండి.

లెక్క కుదరని చోట ఆగండి. కెలెబ్‌కు ఎదురుగా తెల్పె ఎందుకు? మూలం క్య తో మొదలైంది, క్వెన్యాలో సరైన రూపం త్యెల్పె. కానీ వెండిపనిలో తెలెరి అనే ఎల్ఫ్ తెగకు ఉన్న పేరు వల్ల వాళ్ళ మాట తెల్పె క్వెన్యాలో స్థిరపడిందని టోల్కీనే రాశారు. ఎరువు తెచ్చుకున్న మాటకు సొంత నియమాలు అతకవు.

ఇసిల్, ఇథిల్ విషయంలో పాత ధ్వని థ. క్వెన్యా మాట్లాడే నోల్డోర్ అనే ఎల్ఫ్ తెగ దాన్ని స చేసేసింది. ఆ తెగ రాజకుమారుడు ఫెయానోర్ ఒప్పుకోలేదు, ఎందుకంటే అతని తల్లి మీరియెల్ బిరుదు థెరిందె. ఆమె పోయాక తండ్రి ఇంకో పెళ్ళి చేసుకున్నాడు. ఆ తర్వాత స అనడం తల్లికి అవమానంగా తోచింది అతనికి. ఒక్క హల్లు చుట్టూ ఒక కుటుంబం చీలిపోవడం ఎంత బాధో, 1996లో అచ్చయిన టోల్కీన్ వ్యాసం 'ది షిబ్బొలెత్ ఆఫ్ ఫెయానోర్' చదివితే తెలుస్తుంది.

6. ప్రతి మాట పక్కన అది ఎక్కడిదో రాయండి

టోల్కీన్ జీవితమంతా నియమాలు మారుస్తూనే ఉన్నారు. ఆయన 1930లలో రాసిన ఆ 'ఎటిమాలజీస్' పట్టికలో సిందారిన్ స్థానంలో నోల్డోరిన్ అనే భాష ఉంటుంది, దాని నియమాలు కొన్ని వేరు. కాలాలు కలిపేస్తే లేని చిక్కులు వస్తాయి.

ఇక ఒక జంట మీకు వదులుతున్నాను: క్వెన్యాలో వల, సిందారిన్‌లో బలన్, బహువచనం బెలైన్. దేవతలకు పేరు. బహువచనం సంగతి నాలుగో మెట్టులో ఉంది. మొదటి హల్లు కోసం గలధ్ పక్కన అల్దను, దూ పక్కన లోమెను పెట్టి చూడండి. క్వెన్యా మాటల మొదట్లో గ, ద, బ లకు ఏం జరుగుతోంది?