నాలుగో నెల నుంచి ఆరో నెల దాకా: ఒక ఏఎన్‌ఎం మాట

"వేవిళ్లు తగ్గాయి, అన్నం సహిస్తోంది, ఇంకా ఆసుపత్రి ఎందుకమ్మా?" మా సబ్‌సెంటర్ పరిధిలో అత్తగార్లు తరచూ అడిగే మాట ఇది. విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. గర్భం 14వ వారం నుంచి 27వ వారం దాకా చాలామందికి ఒంట్లో కులాసాగానే ఉంటుంది. కానీ తప్పించుకోకూడని పరీక్షలు ఎక్కువగా ఉన్నదీ ఈ రోజుల్లోనే.

ముందు లెక్క సరిచూసుకోండి. ఇంట్లో నెలల్లో చెబుతారు, స్కానింగ్ దగ్గర వారాల్లో అడుగుతారు. ఆఖరిసారి బహిష్టు అయిన మొదటి రోజు నుంచి లెక్కించాలి. అయిదో నెల పడగానే, అంటే 18 నుంచి 20 వారాల మధ్య, టిఫా స్కాన్ చేయించుకోండి. బిడ్డ తల, గుండె, వెన్నెముక, కిడ్నీలు అన్నీ అందులో చూస్తారు. ఆషాఢమనీ మౌఢ్యమనీ వాయిదా వేయకండి. పెద్ద లోపమేదైనా బయటపడితే ఆలోచించుకోవడానికి వ్యవధి కావాలి. 24 వారాలు దాటితే గర్భం తీయించుకునే విషయం మెడికల్ బోర్డు, అంటే డాక్టర్ల బృందం, దాకా వెళ్తుంది. ఆడా మగా అని మాత్రం అడగవద్దు, 1994 చట్టం ప్రకారం అది నేరం.

ఇక మాత్రలు. బియ్యం డబ్బా వెనక దాచిన ఐరన్ మాత్రల షీట్లను నేను చాలా ఇళ్లలో బయటికి తీశాను. ఎర్ర మాత్ర రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి. కాల్షియం రోజుకు రెండు. ఈ రెండింటినీ కలిపి మింగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు. అందుకే కాల్షియం ఉదయం టిఫిన్‌తో, మధ్యాహ్నం అన్నంతో వేసుకోమంటాను. ఐరన్ రాత్రి భోజనమైన రెండు గంటలకు, నిమ్మరసంతో. టీతో వద్దే వద్దు. మలం నల్లగా వస్తే కంగారు పడకండి, అది మాత్ర వల్లే. మలబద్ధకానికి నీళ్లు, ఆకుకూరలు, జామపండు. నులిపురుగుల మాత్ర కూడా ఈ నెలల్లోనే ఇస్తాం, ఒకటే.

కుంకుమపువ్వుతో బిడ్డకు రంగు రాదు. ఆ డబ్బుతో గుడ్లు కొనుక్కోండి. అంగన్‌వాడీలో పెట్టే భోజనం అక్కడే కూర్చుని తినండి. ఇంటికి తెస్తే మీ వాటాకు మిగిలేది తక్కువ.

తొలి కాన్పు వాళ్లకు బిడ్డ కదలిక సాధారణంగా 18 నుంచి 20 వారాల్లో తెలుస్తుంది. మొదట చేపపిల్ల తోక ఆడించినట్టు ఉంటుంది, గ్యాస్ అనుకుని వదిలేసేవాళ్లే ఎక్కువ. మలి కాన్పులో ఇంకా ముందే పోల్చుకుంటారు. మావి (మాయ) ముందువైపు ఉంటే ఆలస్యం కావచ్చు. 24 వారాలు వచ్చినా ఏమీ తెలియకపోతే వచ్చి చెప్పండి. గబుక్కున లేచినప్పుడు గజ్జల దగ్గర కలుక్కుమనడం, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం మామూలే.

24 నుంచి 28 వారాల మధ్య షుగర్ పరీక్ష. 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లలో కలిపి తాగిస్తారు, రెండు గంటలకు రక్తం తీస్తారు. మా దగ్గర చేసే ఈ పరీక్షకు పరగడుపున రానక్కరలేదు. 140 గానీ అంతకు మించి గానీ ఉంటే డాక్టర్ దగ్గరికి పంపిస్తాం. "మా వంశంలో షుగర్ లేదు" అంటూ మానేయకండి.

ప్రతి నెలా 9న పీహెచ్‌సీలో డాక్టర్ గర్భిణులను చూస్తారు. ఎంసీపీ కార్డు, అంటే తల్లీబిడ్డల ఆరోగ్య కార్డు, తెచ్చుకోండి. బీపీ, బరువు, హిమోగ్లోబిన్ గడుల్లో ఏది ఖాళీగా ఉన్నా నిలదీసి అడగండి, మేమేమీ అనుకోం. రక్తస్రావం, ఉమ్మనీరు కారడం, ముఖం వాపు, తగ్గని తలనొప్పి, కళ్లు మసకబారడం, ఫిట్స్, వీటిలో ఏ ఒక్కటి కనిపించినా నా కోసం చూడకుండా 108కి ఫోన్ చేయండి.