జర్మనీలో ‘ఎవెంటుఎల్’ అన్నారంటే మాట ఇచ్చినట్టు కాదు

గది చూపించిన యజమాని "అక్టోబరులో ఎవెంటుఎల్ ఖాళీ అవుతుంది" అంటే, దయచేసి గదుల వేట ఆపకండి. నేను ఆపాను. ఇంగ్లీషులోని ‘ఈవెంచువల్లీ’ లాగే వినిపించింది కనుక, కాస్త ఆలస్యమైనా చివరికి గది దొరుకుతుందని ధీమాగా ఉన్నాను. ఆయన చెప్పింది మాత్రం "ఖాళీ కావచ్చు, కాకపోవచ్చు" అని. గది ఖాళీ కాలేదు. నెలన్నర పాటు స్నేహితుడి గదిలో నేల మీద పడుకున్నాను. ఆయన తప్పేమీ లేదు.

ఈ మాట లాటిన్ ‘ఎవెంటుస్’ నుంచి వచ్చింది. జరిగినది, ఫలితం అని దానికి అర్థం. జర్మన్, డచ్, ఫ్రెంచి, ఇటాలియన్ భాషల్లో అది ‘ఒకవేళ జరిగితే’ అనే వైపుకు మళ్లింది. ‘చివరికి జరిగి తీరుతుంది’ అన్న అర్థం ఇంగ్లీషుది. అంటే ఈ భాషల్లో వేరే దారి పట్టింది ఇంగ్లీషే. చిన్నప్పటి నుంచి ఇంగ్లీషు చదివిన మనం ఆ అర్థమే అసలైనదనుకుంటాం. ఇంకో చిక్కు: కొందరు జర్మన్లు ఇంగ్లీషులో మాట్లాడేటప్పుడు కూడా ‘ఈవెంచువల్లీ’ని తమ అర్థంలోనే వాడతారు. "శనివారం ఈవెంచువల్లీ వస్తాను" అని ఎవరైనా అంటే, "తప్పకుండా వస్తారా?" అని మళ్లీ అడగండి. మొహమాటం వద్దు.

‘ఆక్టుఎల్’ కూడా ఇలాంటిదే. జర్మన్‌లో, ఫ్రెంచిలో, స్పానిష్‌లో అది ‘ప్రస్తుతం ఉన్న’ అని. ఇంగ్లీషులో ‘వాస్తవమైన’ అని. ఫారంలో ఆ మాటతో చిరునామా అడిగితే ఇప్పుడు ఉంటున్న ఇల్లు రాయాలి.

మనకిది తెలియని సంగతి కాదు. హిందీలో ‘అవకాశ్’ అంటే సెలవు, ‘ఉపన్యాస్’ అంటే నవల. హిందీ మాట్లాడేటప్పుడు జాగ్రత్తపడే మనం లాటిన్ మాటల దగ్గర పడం. అవి ఇంగ్లీషు ముఖంతో ఎదురవుతాయి కనుక.

డబ్బు విషయంలో రెండు మాటలు. ‘కౌట్‌సియోన్’ ఇంగ్లీషు ‘కాషన్’లా హెచ్చరిక కాదు, ఇంటి అడ్వాన్సు. చట్టం ప్రకారం అది 3 నెలల అద్దెకు మించకూడదు, అదీ నీళ్లు, హీటింగు వంటి ఖర్చులు కలపని అద్దె. 3 నెలవారీ వాయిదాల్లో కట్టే హక్కు మీకుంది. ‘రెంటె’ అద్దె కాదు, పింఛను. జీతం చీటీలో ఆ మాటతో కోత కనిపిస్తే కంగారు పడకండి, అది పింఛను బీమా. అద్దెను ‘మీటె’ అంటారు.

నాకు బాగా ఇష్టమైన మాట ‘రెట్‌సెప్ట్’. లాటిన్‌లో ‘రెకిపె’ అంటే ‘తీసుకో’. పూర్వం వైద్యులు మందుల చీటీని ఆ మాటతోనే మొదలుపెట్టేవారు. ఇంగ్లీషులో ‘రెసిపీ’ వంటింట్లో స్థిరపడింది. జర్మన్‌లో మాత్రం వంట చేసే విధానమూ రెట్‌సెప్టే, మందుల చీటీ కూడా రెట్‌సెప్టే. డాక్టరు రెట్‌సెప్ట్ ఇచ్చానని చెప్పి, చేతికి కాగితం ఇవ్వకపోతే ఆశ్చర్యపోకండి. చట్టబద్ధ (ప్రైవేటు కాని) ఆరోగ్య బీమా ఉన్నవారికి 2024 జనవరి నుంచి చాలా మందులకు అది కంప్యూటర్‌లోనే రాస్తున్నారు. మందుల షాపులో మీ బీమా కార్డు ఇస్తే చాలు.