మీటరు ఒక లెక్క, మానిటరు ఒక లెక్క చూపిస్తే

బైరాగిపట్టెడలో మా పక్కింటి అక్కకి ఇదే టెన్షన్: కరెంటు వాడకం చూసుకోవడానికి మెయిన్ వైరుకి తగిలించిన మానిటరు, కరెంటు మీటరు కన్నా ఎక్కువ చూపిస్తోంది. బిల్లుకి లెక్క మీటరుదే అక్కా అన్నాను.

వైరు చుట్టూ బిగించే చవకరకం క్లాంపు మానిటర్లు ఆంపియర్లు మాత్రమే కొలుస్తాయి. వోల్టేజి 230 అనుకుని గుణించేస్తాయి. ఎండాకాలం సాయంత్రం 210కి పడిపోయినా వాటికి తెలీదు. పవర్ ఫ్యాక్టర్ (వోల్టులు, ఆంపియర్లు గుణిస్తే వచ్చినదాంట్లో నిజంగా వాడకమయ్యే వంతు) సంగతీ పట్టదు. అది 0.7 ఉన్న నీళ్ల మోటారు నిజంగా 700 వాట్లు లాగితే, 1000 అని చూపిస్తాయి. అసలు తేడా ఎక్కువగా ఇక్కడే.

ఇంట్లో అన్నీ ఆపేసి, బకెట్ నీళ్లలో హీటర్ రాడ్ ఒక్కటే పెట్టి ఆన్ చేయండి. నీళ్లలో చెయ్యి మాత్రం పెట్టొద్దు! మీటరు మీద 3200 ఇంపల్స్ అని ఉంటే, ఎర్రలైటు అన్నిసార్లు మిణికితే ఒక యూనిట్. నిమిషానికి 48 మిణుకులంటే 900 వాట్లు. రాడ్‌కి పవర్ ఫ్యాక్టర్ తేడా ఉండదు. కాబట్టి రాడ్‌కి మీటరు, మానిటరు లెక్కలు రెండూ దగ్గరగా వచ్చి, మోటారుకి దూరమైతే కారణం పవర్ ఫ్యాక్టరే. రాడ్‌కే బాగా తేడా వస్తే క్లాంపు సరిగ్గా మూసుకుందో లేదో ఎలక్ట్రీషియన్‌తో చూపించండి. ఫేజు, న్యూట్రల్ రెండూ కలిపి బిగిస్తే దాదాపు సున్నా చూపిస్తుంది.

మీటరులో చూడాల్సింది కేడబ్ల్యూహెచ్ (kWh, అంటే యూనిట్లు) అంకె, కేవీఏహెచ్ (kVAh, పవర్ ఫ్యాక్టర్ పట్టించుకోని లెక్క) కాదు.