‘రఫీకీ’ని రెండుసార్లు ఎలా చూడాలి

కెన్యా రాజధాని నైరోబీలో ఇద్దరమ్మాయిల తొలిప్రేమను చెప్పే ‘రఫీకీ’ (2018) నిడివి గంటన్నర లోపే కాబట్టి, కథ కోసం ఒకసారి, దర్శకురాలు వనూరి కహియు ఆ కథను చెప్పిన తీరు కోసం మరొకసారి చూడండి.

ముందుగా పేరు దగ్గర ఆగండి. స్వాహిలీలో రఫీకీ అంటే స్నేహం చేసిన మనిషి. ప్రేమించిన అమ్మాయిని నలుగురిలో ‘నా స్నేహితురాలు’ అని మాత్రమే పరిచయం చేయవలసి రావడంలోని బాధ ఆ ఒక్క మాటలో ఉంది; అది తెలుగు ఇళ్లలోనూ తెలియనిది కాదు.

రెండవసారి చూస్తున్నప్పుడు మాటలకన్నా చోట్లను గమనించండి. ఆ ఇద్దరమ్మాయిలు కేనా, జీకీల తండ్రులు ఒకే స్థానిక ఎన్నికలో ప్రత్యర్థులు కావడంతో వీధిలో ప్రతి చూపూ వాళ్ల మీదే ఉంటుంది; పాడుబడిన వ్యాన్‌లోకి చేరాకే వాళ్లకు ఊపిరి ఆడుతుంది. జీకీ జడల్లోని రంగులు కేనా జీవితంలోకి ఎలా వచ్చి చేరతాయో చూడండి. నర్సు కావాలనుకునే కేనాతో, డాక్టరువే కావచ్చు కదా అని జీకీ అనే చోట తప్పకుండా వెనక్కి తిప్పి మళ్లీ చూడండి. నా దృష్టిలో ముద్దుకన్నా పెద్ద ప్రేమ సన్నివేశం అదే, ఎందుకంటే తనను తాను అంత పెద్దగా ఊహించుకోవడం కేనాకు అప్పుడే మొదలవుతుంది.

నిషేధం గురించి సినిమా చూశాకే చదవండి. కెన్యా నుంచి ఫ్రాన్స్‌లోని కాన్ చలనచిత్రోత్సవ అధికారిక ఎంపికలో చోటు పొందిన తొలి చిత్రమిది. అయినా స్వదేశంలో నిషేధించారు. 2018 సెప్టెంబరులో న్యాయస్థానం ఆ నిషేధాన్ని 7 రోజులు నిలిపివేసినప్పుడు నైరోబీ హాళ్లు నిండిపోయాయి.