పవర్ ఆఫ్ అటార్నీ రాసుకోవడం – మూడవ పాఠం: సాక్షులు

గత పాఠంలో అధికారమిచ్చేవారు, పుచ్చుకునేవారు, అప్పగించే పనులు అన్న మూడింటినీ ముసాయిదాలో రాసుకున్నాం. ఇప్పుడు చివరి పుటలోని సాక్షి సంతకాల సంగతి చూద్దాం.

1882 నాటి పవర్స్ ఆఫ్ అటార్నీ చట్టాన్ని ఆసాంతం చదివినా, సాక్షులు ఇందరుండాలన్న నియమం కనిపించదు. తనఖా దస్తావేజుకూ, స్థిరాస్తి దానపత్రానికీ ఇద్దరు సాక్షులు తప్పనిసరి అని ఆస్తి బదిలీ చట్టం చెబుతుందే గాని, ఈ పత్రానికి ఆ షరతు పెట్టలేదు. అయినా ఒంగోలులో గాని, కావలిలో గాని దస్తావేజు లేఖరులు మామూలుగా ఇద్దరి చేత సంతకం పెట్టిస్తారు. అది మంచి అలవాటే. రేపు వారసుల్లో ఒకరు "ఈ వేలిముద్ర మా నాయనది కాదు" అని అడ్డం తిరిగితే, కళ్లారా చూసినవారు ఉండాలి కదా.

సాక్షి అంటే ఎవరో ఆస్తి బదిలీ చట్టం 3వ సెక్షన్ చెబుతుంది. రాసిచ్చేవారు సంతకమో, వేలిముద్రో వేస్తుండగా చూసినవారు, లేదా "ఇది నాదే" అని వారి నోట విన్నవారు, వారి ఎదుటే సంతకం చేస్తే సాక్షులవుతారు. ఇద్దరూ ఒకే సమయంలో ఉండనక్కరలేదు. రిజిస్ట్రారు ముందు "ఈయన ఫలానా" అని గుర్తుపట్టి సంతకం చేసే నిరూపణ సాక్షి వేరు. దస్తావేజుకు సాక్ష్యమివ్వాలన్న ఉద్దేశంతో చేయని సంతకం సాక్షి సంతకం కాదని సుప్రీంకోర్టు 1969లోనే తేల్చింది. అధికారం పుచ్చుకునేవారిని సాక్షిగా పెట్టకండి. కార్యాలయం వాకిట్లో అప్పటికప్పుడు దొరికే ముక్కూ మొహం తెలియని మనిషి కన్నా, చిరునామా తెలిసిన, రాసిచ్చేవారికంటే వయసులో చిన్నవారైన ఊరివారే మేలు.

సాక్షులకంటే గట్టి సంగతి మరొకటుంది. మీరు సంతకం చేసిన దస్తావేజును మీ తరఫున మరొకరు రిజిస్ట్రేషనుకు దాఖలు చేయాలంటే, 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం 33వ సెక్షన్ ప్రకారం, పవర్ పత్రం మీద మీరు నివసించే ప్రాంతపు రిజిస్ట్రారు లేదా సబ్ రిజిస్ట్రారు ఎదుటే సంతకం చేసి, ఆయన చేత ధ్రువీకరణ పొందాలి. పొలం కందుకూరులో ఉన్నా, మీ కాపురం ఒంగోలైతే ఒంగోలులోనే ఆ పని జరగాలి. మంచం పట్టినవారు కార్యాలయానికి రానక్కరలేదు. అధికారి ఇంటికి వచ్చి విచారించవచ్చు. డాలస్‌లో స్థిరపడిన కొడుకైతే అక్కడి నోటరీ ఎదుటో, భారత కాన్సులేటులోనో సంతకం చేయాలి. పత్రం ఇండియా చేరిన మూడు నెలల్లోగా స్టాంపు వేయించాలి.

అభ్యాసం: చీమకుర్తిలో ఉండే, ఆరోగ్యంగా ఉన్న తల్లి, ఉదయగిరి దగ్గరి మెట్టపొలం అమ్మకపు దస్తావేజును దాఖలు చేసే అధికారాన్ని కొడుక్కిస్తూ, ఇంట్లోనే వేలిముద్ర వేసింది. ఒక సాక్షి చూశాడు; రెండవ సాక్షి మర్నాడు వచ్చి, "ముద్ర నాదే" అని ఆమె చెప్పగా, ఆమె ఎదుటే సంతకం చేశాడు. సాక్ష్యం సరిపోయిందా? ఆ పత్రం చేతబట్టుకుని కొడుకు దస్తావేజును దాఖలు చేయగలడా? రెండు ప్రశ్నలకూ విడివిడిగా, కారణాలతో జవాబు రాసి ఉంచుకోండి. అధికారం రద్దు చేసుకునే పద్ధతితో పాటు వాటిని వచ్చే పాఠంలో సరిచూసుకుందాం.